కనుమ ఎక్కేముందు కాగితాలు

మా తమ్ముడు చిన్నా వచ్చే జూన్‌లో బైక్ మీద స్టెల్వియో కనుమ ఎక్కుతానంటున్నాడు. ఇటలీ ఉత్తరపు కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కనే, సముద్రమట్టానికి 2,757 మీటర్ల ఎత్తున ఉంటుందది. ప్రాడ్ ఊరి వైపు నుంచి ఎక్కితే 48 మెలికలు. 1820, 1825 మధ్య కార్లో దొనెగాని అనే ఇంజినీరు వేయించిన దారి. చలికాలమంతా మంచుతో మూసుకుపోయి, వేసవి మొదలయ్యాక గానీ తెరుచుకోదు. వాడి ఫోన్‌లో, ఫ్రిజ్ తలుపు మీద, ఎక్కడ చూసినా ఆ మెలికల ఫొటోనే.

నేను ఇంగ్లండులోని లెస్టర్‌లో మోటారు బీమా క్లెయిములు చూసే ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసి, "వాడి కాగితాలు ఒకసారి నువ్వు చూడమ్మా" అన్నారు. అందుకే ఆదివారం భోజనానికి పిలిచాను. రెడింగ్ నుంచి బైక్ మీదే వచ్చాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. చెన్నై దగ్గర తయారైన బండే అయినా, దాన్ని రూపొందించడంలో మా ఊరికి దగ్గర్లో ఉన్న బ్రంటింగ్‌థార్ప్ సాంకేతిక కేంద్రానికీ చేయుంది. లెస్టర్ వచ్చిన ప్రతిసారీ బండి పుట్టింటికొచ్చిందంటాడు. అన్నాలయ్యాక గిన్నెలు తీసేసి, కాగితాలు బల్ల మీద పరిచాం.

చిన్నా: చూడటానికి ఏముందక్కా? నా పాలసీలో యూరప్ ఉంది, 90 రోజులు. బ్రేక్‌డౌన్ కవర్ బ్యాంకు ఖాతాతో పాటు వచ్చింది. ట్రావెల్ ఇన్సూరెన్సూ ఆ బ్యాంకుదే. నాలుగు కంపెనీల ధరలు పోల్చి, తక్కువది తీసుకున్నా. అయిపోయింది.

నేను: ధరలు పోల్చావు, సరే. ఏది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుందో పోల్చావా?

చిన్నా: నీ ఉద్యోగం నీచేత అట్లా మాట్లాడిస్తుంది. నా లెక్క విను. ప్రీమియం అంటే ఏంటి? సగటున జరిగే నష్టం, దాని మీద కంపెనీ ఖర్చులు, ఆపైన లాభం. అంటే సగటున నాకొచ్చే దానికంటే నేను కట్టేదే ఎక్కువ. భరించగలిగిన నష్టానికి బీమా కొనడం దండగ. ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే అదే నా బీమా.

నేను: ఆ సూత్రం తప్పని అనను. నేనూ అదే నమ్ముతాను. అయితే భరించలేని నష్టమేదో ముందు చెప్పు. ఇల్లు అమ్మినా తీరనిది ఏది?

చిన్నా: నేను ఎవరినైనా గుద్దడం.

నేను: ఒకటి. ఇంకోటి?

వాడు జవాబివ్వలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. రెండో జవాబు వాడి నోటితోనే రావాలని ఆగాను.

చిన్నా: మొదటిదానికి భయం లేదుగా. పదేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి నేపాల్ వెళ్ళినప్పుడు, సరిహద్దు దాటితే మన పాలసీ చెల్లదని ఏజెంటు చెబితే, 500 రూపాయలు కట్టి నేపాల్‌ని కలిపించుకున్నా. ఇక్కడ ఆ బాధ కూడా లేదు. బ్రిటన్ పాలసీ ఏదైనా యూరోపియన్ యూనియన్ అంతటా చెల్లాల్సిందే. చట్టమే అలా ఉంది.

నేను: ఆ తేడాయే నిన్ను ఏమరుపాటున పడేసింది. అక్కడ నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్, ఈ ఆరింటికే పొడిగింపు. అడిగి కొన్నావు కాబట్టి ఏం కొన్నావో నీకు తెలుసు. ఇక్కడ దానంతటదే వచ్చింది. అందుకే ఏం వచ్చిందో విప్పి చూడలేదు. చట్టం ఇప్పించేది థర్డ్ పార్టీ వరకే. నువ్వు గాయపరిచిన మనిషికి, నువ్వు పాడుచేసిన ఆస్తికి. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం గాయాలకు ఒక్కొక్కరికి 13 లక్షల యూరోలు, లేదా ప్రమాదం మొత్తానికి 64.5 లక్షలు కనీసం ఉండాలి. ఆస్తి నష్టానికి ఇంకో 13 లక్షలు. అది గట్టి గోడే. కానీ అది ఎదుటి మనిషి చుట్టూ కట్టిన గోడ. నీ బండికి, నీకు అందులో ఏమీ లేదు.

చిన్నా: నాది కాంప్రిహెన్సివ్ కదా?

నేను: ఇక్కడ. ఇంగ్లిష్ ఛానెల్ దాటగానే చాలా పాలసీలు కనీసానికి దిగిపోతాయి. ఇదిగో, పదిహేడో పేజీ చదువు. 90 రోజులు అన్నది థర్డ్ పార్టీకే. ఇక్కడున్నంత కవరూ అక్కడా కావాలంటే ముందుగా ఫోన్ చేసి, అదనంగా 58 పౌండ్లు కట్టాలి.

చదివాడు. వాడి మొహంలో ఓటమి కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు. కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుని లెక్క వేయడం మొదలుపెట్టాడు.

చిన్నా: బండి విలువ 4,500 పౌండ్లు. ఎక్సెస్, అంటే క్లెయిమ్‌లో నేనే భరించాల్సిన మొదటి వాటా, 750. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు నో క్లెయిమ్ బోనస్ కూడా దెబ్బతింటుంది. అంటే వెయ్యిన్నర లోపు దెబ్బయితే నేనసలు క్లెయిమే చేయను. బండి మొత్తం పోతే మూడు వేల చిల్లర చేతికొస్తుంది. అది పోయినా నేను బతకగలను, ఏడాది బస్సెక్కుతా. ఇది భరించగలిగిన నష్టమే అక్కా. నీ సూత్రం ప్రకారమే 58 పౌండ్లు దండగ.

ఇక్కడ వాడిది పైచేయి. ఆఫీసులో ఇరవై వేల పౌండ్ల బండ్ల ఫైళ్ళు చూసీ చూసీ, సొంత బండికి దెబ్బ తగలడమే పెద్ద విషయమన్న అలవాటు నాకు పట్టుకుంది. అప్పు మీద కొన్న కొత్త బండికి ఆ 58 పౌండ్లు కట్టి తీరాలి. వాడి బండికి అంత అవసరం లేదు. ఆ మాట వాడితోనే అన్నాను.

చిన్నా: బయటి దేశాల్లో బండికి బీమా ఉందని చూపించే గ్రీన్ కార్డు కూడా అక్కర్లేదు. చూశాను.

నేను: నువ్వు వెళ్ళే దేశాలకు అక్కర్లేదు. 1953 నుంచి ఉన్న పద్ధతి అది. బ్రెగ్జిట్ తర్వాత కొన్ని నెలలు మళ్ళీ చేత పట్టుకుని తిరగాల్సొచ్చింది, 2021 ఆగస్టు 2 నుంచి ఆ బాధ పోయింది. అల్బేనియా, టర్కీ, మొరాకో వెళ్ళేవాళ్ళకు ఇప్పటికీ కావాలి. నీకు కావలసింది బండి అసలు రిజిస్ట్రేషన్ పుస్తకం, నంబరు ప్లేటు దగ్గర 'యూకే' గుర్తు. పాత 'జీబీ' స్టిక్కరు 2021 సెప్టెంబరు 28 నుంచి చెల్లదు. ఇవన్నీ చిన్న విషయాలు. పెద్దది ఇంకోటుంది. నిన్నెవరైనా గుద్దితే?

చిన్నా: వాళ్ళ బీమా ఇస్తుంది.

నేను: ఎవరి దగ్గర అడుగుతావు? ఇదివరకైతే ఇటలీలో దెబ్బ తగిలినా, ఆ కంపెనీకి ఇంగ్లండులో ఒక ప్రతినిధి ఉండేవాడు. ఇంటికొచ్చి ఇక్కడే క్లెయిమ్ వేసుకునేవాళ్ళం. 2021 జనవరి 1 నుంచి ఆ హక్కు పోయింది. ప్రమాదం జరిగిన దేశంలో, బహుశా ఆ దేశపు భాషలో, ఆ దేశపు లాయరుతో నడిపించుకోవాలి. మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో నా మనసు కలచివేసేవి ఇవే. తప్పు తనది కాదు, చేయి విరిగింది, పనికి పోలేడు, చేతిలో ఉన్న కాగితం ఏ భాషలో ఉందో కూడా తెలియదు. పాలసీలో న్యాయ ఖర్చుల కవర్ అని ఒకటుంటుంది. బ్రిటన్‌లో తీసుకున్నప్పుడు చాలామంది అనవసరం అని తీసేస్తారు. యూరప్‌లో కూడా వర్తించేది అయితే, బయటికి వెళ్ళేవాడికి సొంత బండి కవర్ కంటే అదే ముఖ్యం.

వాడు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. పక్కనే ప్రశ్నార్థకం పెట్టాడు.

చిన్నా: సరే, అది చూస్తా. బ్రేక్‌డౌన్ సంగతికి రా. అది మాత్రం వట్టి అలంకారం అంటాను. ఫ్రాన్స్ మోటర్‌వే మీద బండి ఆగితే మనం డబ్బు కట్టిన కంపెనీ రానే రాదట కదా?

నేను: రాదు. రాకూడదు కూడా. ఆ సంగతి తెలియక మీ బావ ఒకసారి చలిలో గంటన్నర నిలబడ్డాడు. కాలే నుంచి రాన్స్ వెళ్ళే ఏ26 మీద చైన్ తెగింది. కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. పలికినావిడ పేరు, బండి నంబరు, పాలసీ నంబరు అన్నీ రాసుకుని, చివరికి నారింజ రంగు ఫోన్ దగ్గరికి నడవమంది. ఆ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. అక్కడి టోల్ దారుల మీద అనుమతి ఉన్న లాగుడు బండే రావాలి. రోడ్డు పక్కన నారింజ రంగు ఫోన్ ఎత్తాలి, లేదంటే 112 కొట్టాలి. ఆ లాగుడు కూలి ప్రభుత్వం నిర్ణయించిన రేటు. సాయంత్రం ఆరు దాటినా, శని ఆదివారాలైనా, సెలవులైనా సగం ఎక్కువ. ముందు నువ్వే కట్టాలి, రసీదు దాచుకుని తర్వాత కంపెనీని అడగాలి.

చిన్నా: నేనన్నది అదేగా? మొదటి లాగుడుకు నా డబ్బే. చైన్, క్లచ్ కేబుల్, ఫ్యూజు, పంక్చరు నేనే చూసుకోగలను. నేపాల్‌లో ఎవరొచ్చారు? కంపెనీకి కట్టేది ఉంచుకుంటే ఒక లాగుడూ, ఒక హోటల్ గదీ వచ్చేస్తాయి.

నేను: నీ చక్రాలు ఏ రకం?

చిన్నా: పుల్లలవి.

నేను: లోపల ట్యూబు. ట్యూబు లేని టైరయితే మేకు పీకి రబ్బరు ముక్క దూర్చి గాలి కొట్టేయొచ్చు. నీదాంట్లో చక్రం ఊడదీయాలి, టైరు పక్క నుంచి ఎత్తాలి, ట్యూబు మార్చాలి. టైరు ఎత్తే కడ్డీలు కొన్నావా?

చిన్నా: ఉన్నాయి.

నేను: ఎప్పుడైనా ఎత్తావా?

చిన్నా: లేదు. ఈ వారమే ఎత్తి చూస్తా.

నేను: ఎత్తి చూడు. ఎందుకంటే కొన్ని బ్రేక్‌డౌన్ పాలసీల్లో పంక్చరుకు రావాలంటే బండిలో వాడదగిన స్పేర్ చక్రం ఉండాలని రాసుంటుంది. కారును మనసులో పెట్టుకుని రాసిన వాక్యం అది. బైక్‌కి స్పేర్ చక్రం ఎక్కడ తగిలిస్తాం? మోటార్‌సైకిల్‌కు మినహాయింపు ఉందా అని ఆ వాక్యం పక్కన వెతకాలి. అట్లాంటిదే ఇంకోటి: బండి ఆగిపోతే అద్దె కారు ఇస్తామంటారు. బైక్ లైసెన్సు ఒక్కటే ఉన్నవాడికి ఆ కారు ఎందుకు? నీకు రెండూ ఉన్నాయి కాబట్టి సరే. కానీ ఆ కారు దేశం దాటనిస్తారా, హెల్మెట్టూ సామానూ ఎక్కడ పెట్టుకోవాలి, ఇవన్నీ అడగాల్సినవే.

చిన్నా: ఇన్ని లొసుగులు నువ్వే చెప్పి, మళ్ళీ కొనమంటావేంటి?

నేను: కొనమంటున్నది లాగుడు కోసం కాదురా. స్టెల్వియో మీద ఆదివారం సాయంత్రం గేరుబాక్సు పోయింది అనుకో. కడ్డీలతో అయ్యే పని కాదు. విడిభాగం రావడానికి పది రోజులు. నీ సెలవు మూడు రోజుల్లో అయిపోతుంది. బండిని ఎవరు తెస్తారు? నిన్నెవరు తెస్తారు? దాన్నే రిపాట్రియేషన్ అంటారు. బ్రేక్‌డౌన్ కవర్‌లో నిజంగా డబ్బు పెట్టి కొనదగ్గది అదొక్కటే. మిగతావన్నీ నువ్వన్నట్టు చేతిలో డబ్బుతో గడిచిపోయేవే.

చిన్నా: దానికీ ఒక పరిమితి ఉంది. చదివాను. తెచ్చే ఖర్చు బండి విలువ దాటితే తీసుకురారు.

నేను: అవును. ఇరవై ఏళ్ళ నాటి ఎనిమిది వందల పౌండ్ల బండికి అది ఉత్తి మాట. చాలాచోట్ల బండి వయసుకు కూడా హద్దు పెడతారు. నీది 4,500 విలువ చేస్తుంది కాబట్టి ఆ వాక్యం నిన్ను కరవదు. తేవడానికి రోజులు కాదు, వారాలు పట్టొచ్చు, అది ముందే మనసులో పెట్టుకో. ఇక బ్యాంకు ఉచితంగా ఇచ్చింది తీయి.

ఫోన్‌లో తెరిచాడు. మొదటి పేజీలోనే ఉంది: బ్రిటన్ వరకే. ఏమీ అనకుండా కాసేపు దాన్నే చూశాడు. నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు. ఖాతా తెరిచిన రోజున యూరప్, బ్రేక్‌డౌన్, ట్రావెల్ అన్న మూడు మాటలూ పక్కపక్కనే పెట్టి చూపిస్తే, అన్నీ ఒకటే అనుకోవడం ఎవరికైనా సహజం.

వాడి మనసు తేలికపడాలని జర్మనీ గురించి ఒక మాట చెప్పాను. అక్కడ పసుపు బండ్లతో తిరిగే ఏడీఏసీ సంఘం ఇప్పుడు కార్లవాళ్ళదిగా కనిపిస్తుంది కానీ, 1903లో స్టుట్‌గార్ట్‌లో అది పుట్టింది మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళ సంఘంగా. దారిలో ఆగిపోయిన మనిషిని తోటివాడు ఆదుకోవాలన్న ఆలోచన మన రెండు చక్రాల వాళ్ళదే. ఈ కథ వాడికి నచ్చింది. నాకూ చాలా ఇష్టమైన సంగతి.

నేను: ఇప్పుడు ట్రావెల్ పాలసీ తీయి. 'మోటార్‌సైకిల్' అని వెతుకు.

చిన్నా: మెడికల్‌కి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళిచ్చే గ్లోబల్ హెల్త్ కార్డు ఉంది కదక్కా. అదే చాలు.

నేను: ఆ కార్డు చూపిస్తే ఇటలీ ప్రభుత్వాసుపత్రిలో అవసరమైన వైద్యం అక్కడివాళ్ళకు ఎలాగో నీకూ అలాగే చేస్తారు. మంచి కార్డు, తప్పకుండా తీసుకెళ్ళు. కానీ కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దింపితే ఆ ఖర్చు అందులోకి రాదు. స్ట్రెచర్ మీద, పక్కన నర్సుతో, నిన్ను ఇంగ్లండుకు తెచ్చే ఖర్చూ రాదు. వెతుకు.

వెతికాడు. చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

చిన్నా: 125 సీసీ లోపు బండ్లకే.

నేను: నీది?

చిన్నా: 648.

వంటింట్లో కుక్కర్ చల్లారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. సముద్రం పక్కన అద్దె స్కూటర్ నడిపేవాళ్ళను ఉద్దేశించి పెట్టే హద్దు అది, చాలా మామూలు పాలసీల్లో ఉంటుంది. పెద్ద బండికి విడిగా అడిగి, డబ్బు కట్టి, కలిపించుకోవాలి. అదీ లైసెన్సు సరిగ్గా ఉండి, హెల్మెట్ పెట్టుకుంటేనే. నేను మొదట అడిగిన ప్రశ్నకు రెండో జవాబు అప్పుడు చెప్పాడు.

చిన్నా: ఇల్లు అమ్మినా తీరనిది రెండోది నేనేనన్నమాట. నాకు దెబ్బ తగలడం.

నేను: అవునురా. ఇందాకటి నుంచీ బండికి ఏమవుతుందో పోలుస్తున్నావు. బైక్ బీమా ఎదుటివాడి కోసం, బ్రేక్‌డౌన్ కవర్ బండి కోసం. ఈ రెంటినీ ఎంత బాగా పోల్చి కొన్నా మధ్యలో నువ్వు మిగిలిపోతావు. నువ్వు దాచుకుంటానన్న 58 పౌండ్లు దాచుకో, అందులో నీ మాటే నెగ్గింది. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి దీని మీద పెట్టు.

చిన్నా: పెడతా. కానీ ఒకటి ఒప్పుకో. నేను వేసిన లెక్క తప్పు కాదు. లెక్కలోకి నన్ను చేర్చుకోలేదు, అంతే.

ఒప్పుకున్నాను. వాడి సూత్రమే వాడిని అక్కడికి తీసుకెళ్ళింది. నేను చేసిందల్లా పేజీలు తిప్పడం.

ఒక్కచోట మాత్రం గొడవ పడ్డాం. తిరుగు ప్రయాణంలో జర్మనీలో న్యూర్‌బుర్గ్‌రింగ్ పాత వలయం మీద ఒక చుట్టు వేస్తాడట. 1927లో తెరిచిన 20.8 కిలోమీటర్ల దారి. 2024 దాకా రేసులు లేని రోజుల్లో టికెట్టు కొని బైక్‌వాళ్ళు కూడా నడుపుకునేవాళ్ళు; 2025 నుంచి ఆ టికెట్టు బైక్‌లకు లేదు, వాటి కోసం విడిగా పెట్టే కార్యక్రమాల్లోనే నడపాలి.

చిన్నా: బైక్‌ల కోసం విడిగా పెట్టిన రోజునే వెళ్తాను. పాలసీ ఎందుకు వర్తించదు?

నేను: బ్రిటన్ పాలసీలు చాలావరకు దాని పేరు రాసి మరీ వద్దంటాయి. నీదాంట్లో కూడా ఉంది, ఇరవై మూడో పేజీ. పడిపోతే పక్కనున్న రెయిలింగు బాగుచేసే ఖర్చు నీ చేతే కట్టిస్తారు. బండిని లాగిన కూలి కూడా.

చిన్నా: ఒక్క చుట్టు అక్కా. నెమ్మదిగానే.

నేను: నువ్వు నెమ్మదిగా వెళ్తావు. నీ వెనక వచ్చేవాడు వెళ్తాడా?

చిన్నా: ఇంత దూరం వెళ్ళి దాని గేటు ముందు నుంచి వెనక్కి రమ్మంటావా? నావల్ల కాదు.

నేను ఇంకా ఏదో అనబోయాను. అనలేదు. ముప్పై నాలుగేళ్ళవాడు. దాని సంగతి మేమింకా తేల్చుకోలేదు.

సాయంత్రం టీ తాగాక, సొరుగులోంచి ప్రమాద ప్రకటన పత్రం ఒకటి తీసి ఇచ్చాను. యూరప్ అంతటా ఒకే నమూనా. ఎడమవైపు నీలం, కుడివైపు పసుపు. ఏ భాషలో అచ్చువేసినా గళ్ళ నంబర్లు అవే, కాబట్టి ఎదుటివాడి కాగితం ఇటాలియన్‌లో ఉన్నా ఎనిమిదో గడి అంటే బీమా కంపెనీయే. పన్నెండో గడిలో ప్రమాదం ఎలా జరిగిందో టిక్కు పెట్టడానికి పదిహేడు వరుసలుంటాయి. ఇద్దరూ సంతకం చేశాక మార్చడానికి ఉండదు, అర్థం కాకపోతే సంతకం పెట్టొద్దని చెప్పాను.

"ఇప్పుడే ఎందుకు?" అన్నాడు.

"రోడ్డు పక్కన చేతులు వణుకుతున్నప్పుడు పాలసీ నంబరు గుర్తు రాదు. నీ వైపువి ఇక్కడే రాసుకో."

కుర్చీ ముందుకు జరుపుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆరో గడిలో పేరు, చిరునామా. ఏడులో బండి నంబరు. ఎనిమిదిలో కంపెనీ, పాలసీ నంబరు, ఫోన్‌లో చూసి ఒక్కో అంకె పైకి చదువుకుంటూ. తొమ్మిదిలో లైసెన్సు. పది నుంచి పదిహేను దాకా ఖాళీగా వదిలేసి, కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, జాకెట్ లోపలి జేబులో దోపుకున్నాడు.